బాలామణి పక్కన ఒక మనిషి

సుభద్రమ్మ టీచరుకి ముక్కు మీద కోపం. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడ పోయాక సంతాపసభలో మాట్లాడిన వాళ్ళంతా ఆవిణ్ణి శాంతమూర్తిని చేసేశారు. శాంతం ఆవిడ ఇంటి ఛాయలకి వచ్చినట్టు నాకైతే గుర్తు లేదు. పక్క క్వార్టర్లో ఏళ్ళ తరబడి కాపురం ఉన్నవాణ్ణి, నాకు తెలియదా? పాలల్లో నీళ్ళు కలిస్తే పాలవాణ్ణి వీధి చివరి దాకా వినబడేలా కడిగి పారేసేది. నేను గూడ్సు క్లార్కుని. షెడ్డులో చింతపండు బస్తాలు బడి గోడకి ఆనించి పెట్టించానని నాతో నెలల తరబడి మాట్లాడలేదు. దండలు వేసి పొగిడేవాళ్ళకి ఇవేవీ అక్కర్లేదు. నాకు కావాలి. ఆ కోపం లేకపోతే ఆవిడ లేదు.

రాయగడ దాటి మునిగుడ వైపు వెళ్ళే దారిలో మాది ఒక చిన్న స్టేషను. పేరు చెప్పను. చెబితే ఆ కాలనీ వాళ్ళు ఇప్పటికీ నాతో తగువుకి రాగలరు. స్టేషను, గూడ్సు షెడ్డు, రెండు వరసల క్వార్టర్లు, షెడ్డుని ఆనుకుని బడి. బడిలో ఒడియా, హిందీ, తెలుగు సెక్షన్లు ఉండేవి. తెలుగు సెక్షనంటే ఒక గది, ఒక టీచరు, ఐదు తరగతులు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన గ్యాంగ్‌మన్ల పిల్లలు, పాయింట్స్‌మన్ల పిల్లలు, ఫైర్‌మన్ల పిల్లలు అందులో చదివేవారు. పిల్లలు తగ్గితే సెక్షను ఎత్తేస్తామని పై ఆఫీసు వాళ్ళు ఏటా బెదిరిస్తూనే ఉండేవారు. సెక్షను పోతే మా పిల్లలు ఒడియా గదిలోకి పోయి మొదటి తరగతి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకని తెలుగు సెక్షనంటే కాలనీకి ప్రాణం.

సుభద్రమ్మది పాతపట్నం దగ్గర పల్లె. భర్త గోవిందరావు గార్డుగా చేసేవాడు. ఈ కొండజ్వరం ఎంత మందిని తినేసిందో లెక్క లేదు, ఆయన్ని కూడా తినేసింది. పిల్లల్లేరు. పుట్టింటి వాళ్ళు వచ్చి రమ్మంటే వెళ్ళలేదు. చదువుకున్నది కనక బడిలో ఉద్యోగం ఇచ్చారు. అరవై ఏడులో చేరింది. మొదట్లో ఆడవాళ్ళు అయ్యో పాపం అంటూ కూరలూ అవీ పట్టుకెళ్ళేవారు. గిన్నె కడిగి, మూత పెట్టి, అలాగే తిరిగి పంపేసేది. జాలి పడితే ఆవిడకి ఒళ్ళు మండేది.

బాలామణి ఆ గదిలోకి వచ్చింది డెబ్బై మూడు వర్షాకాలంలో. పాయింట్స్‌మన్ అసిరయ్య కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల, మాట చాలా తక్కువ. ఒక్కోసారి గంటల తరబడి చింతపిక్కలు వరసగా పేర్చుకుంటూ కూర్చునేది. ఒక్కోసారి ఉన్నట్టుండి కేకలు. పలక విసిరేది, చేతికందిన వాళ్ళని కొరికేది, గోడకేసి తల బాదుకునేది, తలుపు తీసి ఉంటే పరుగే పరుగు. గాలి సోకిందన్నారు. అసిరయ్య కొండ మీది మంత్రగాడు దిశారి దగ్గరికి తీసికెళ్ళి తాడు కట్టించాడు. రాయగడ ఆసుపత్రిలో చూపిస్తే బలానికి మందిచ్చారు. బలం ఆ పిల్లకి ముందే ఎక్కువ.

దసరా రాకుండానే ఫైర్‌మన్ జగ్గారావు తన కొడుకుని రెక్క పట్టుకుని బడికొచ్చాడు. వెనకాల మరికొంత మంది తల్లిదండ్రులు.

"సూడండి పంతులమ్మగారూ, ఈడి సెయ్యి సూడండి. పంటి గాట్లు ఇంకా మానలేదు. ఆ పిల్లుంటే మా పిల్లలు రారు. అందర్నీ ఒడియా గదిలోకి మార్పించేస్తాం."

హెడ్మాస్టరు రమణమూర్తి మంచివాడే, కాని గొడవంటే భయం. వాళ్ళు వెళ్ళాక సుభద్రమ్మని పిలిచి మెల్లగా చెప్పాడు. "ఒక్క పిల్ల కోసం సెక్షను పోగొట్టుకుంటామా టీచరుగారూ? పిల్లని ఇంట్లో ఉంచుకోమని అసిరయ్యకి చెప్పేయండి."

సుభద్రమ్మ ఒప్పుకుంది. ఆవిడకీ తల ప్రాణం తోకకొచ్చింది మరి. ఇలాంటి మాట మనిషితో చెప్పి పంపకూడదని, బడి వదిలాక తానే స్టేషనుకి వెళ్ళింది.

నేనూ అప్పుడు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను. అసిరయ్య డ్యూటీలో ఉన్నాడు. భార్య కూలికి పోయింది కనక పిల్లని వెంట తెచ్చుకున్నాడు. బాలామణి బల్ల మీద కూర్చుని కాళ్ళూపుకుంటోంది. గూడ్సు బండి వచ్చే వేళ. ఇంజను కూతకి ఈ పిల్ల ఏం చేస్తుందోనని సుభద్రమ్మ గబగబా దగ్గరికి నడిచింది. స్టేషను గదిలో టెలిఫోను మోగింది. బయట వేలాడదీసిన పట్టా ముక్క మీద అసిరయ్య గంట కొట్టాడు. బాలామణి బల్ల దిగింది. దూరంగా సిగ్నలు రెక్క కిందికి దిగింది. ఆ పిల్ల తనంతట తానే గోడ దగ్గరికి వెళ్ళి, వీపు ఆనించి, రెండు చెవులూ మూసుకుంది. బండి వచ్చింది. ప్లాట్‌ఫారమంతా అదిరిపోయింది. బాలామణి కదల్లేదు. బండి పోయాక చేతులు తీసేసి మళ్ళీ బల్లెక్కి కాళ్ళూపుకుంది.

"దీనికి భయం లేదేటి అసిరయ్యా?" అంది సుభద్రమ్మ. కోపం వచ్చినా, మనసు కదిలినా ఆవిడకి పల్లె మాట వచ్చేసేది.

"నానేటి సెప్పగల్నమ్మా. బండంటే ఏటీ అనదు. బడికెల్తేనే యాగీ."

సుభద్రమ్మ చెప్పడానికొచ్చిన మాట చెప్పలేదు. తర్వాతి పాసింజరు దాకా అక్కడే నిలబడింది. మళ్ళీ అదే వరస: టెలిఫోను, గంట, సిగ్నలు, గోడ, బండి. పాసింజరు పోయాక నా వైపు తిరిగింది. బస్తాల తగువు తర్వాత నాతో మాట్లాడ్డం అదే మొదలు. "చూసేరా? ఇక్కడ ఏదీ చెప్పకుండా రాదు. నా గదిలో అన్నీ చెప్పకుండానే వస్తాయి. గంట చెప్పకుండా మోగుతుంది, లెక్కలు చెప్పకుండా ఆగిపోతాయి, హెడ్మాస్టరు చెప్పకుండా తలుపు తోసుకొస్తాడు. నాకే అప్పుడప్పుడు ఆయన్ని కొరకాలనిపిస్తుంది."

సింగిల్ లైను మీద బండి నడవడం గురించి తెలియని వాళ్ళకి ఒక్క మాట. ముందు స్టేషను వాళ్ళు లైన్ క్లియర్, అంటే దారి ఖాళీ, అంటేనే ఇక్కడి మిషనులోంచి టోకెనని ఇనప గుండొకటి బయటికి వస్తుంది. దాన్ని తోలుసంచిలో పెట్టి, పెద్ద బెత్తపు రింగుకి కట్టి, డ్రైవరు చేతికిస్తారు. అది చేతిలో పడనిదే డ్రైవరు బండి కదపడు. ముందు ఏ బండీ లేదని స్టేషను మాస్టరే ఒట్టేసి చెప్పినా కదపడు. మా కాలనీలో నడక రాని పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.

సుభద్రమ్మ స్టేషను మాస్టరుతో పోట్లాడి, విరిగి మూలపడ్డ రింగు ఒకటి పట్టుకెళ్ళింది. రైల్వే ఆస్తి అని ఆయన నసిగితే, రైల్వే పిల్లల కోసమే అని నోరు మూయించింది. మర్నాటి నుంచి తెలుగు సెక్షనులో కొత్త రూలు. గంట కొట్టే ముందు, లెక్కలు కట్టిపెట్టి వాచకం తీసే ముందు, ఎవరైనా గదిలోకి వచ్చే ముందు, రింగు బాలామణి చేతికి వెళ్ళాలి. "అమ్మీ, లైన్ క్లియర్. ఇప్పుడు గంట కొడతారు" అని చెప్పాలి. ఆ పిల్ల రింగు పట్టుకుంటేనే తరగతి కదులుతుంది. పట్టుకోకపోతే కాసేపు ఆగడమే. పిల్లలకి ఇది ఎంత నచ్చిందో చెప్పలేను, వాళ్ళ నాన్నల పని వాళ్ళ గదిలోకి వచ్చింది కదా. ఒడియా సెక్షను అన్నాలకి లేచిపోయాక కూడా తెలుగు సెక్షను కదిలేది కాదు. మీ బండి ఎప్పుడూ లేటేనని రమణమూర్తి విసుక్కునేవాడు. మీ తలుపు చప్పుడు తగ్గించండి, రైట్ టైముకి వస్తుందనేది ఆవిడ.

కేకలు తగ్గాయి. పూర్తిగా పోలేదు. కోపం వచ్చే ముందు ఆ పిల్ల జుట్టు కొసలు వేలికి చుట్టుకునేది. అప్పుడే కనిపెట్టి వెనక జామచెట్టు దగ్గరికి తీసికెళ్ళి కూర్చోబెడితే కొంచెంసేపట్లో సర్దుకునేది. కనిపెట్టకపోతే పలక ఎగిరేది. ఐదు తరగతులకి పాఠం చెబుతున్న మనిషి ఒక పిల్ల వేళ్ళకేసి ఎంతసేపని చూస్తుంది? పక్కన ఇంకొక మనిషి కావాలి. తల్లిదండ్రుల తరఫున నేనూ, బడి తరఫున రమణమూర్తీ పై ఆఫీసుకి అర్జీలు పెట్టాం. చాలా తిప్పారు. చివరికి ఒక ఆయా పోస్టు ఇచ్చారు, అదీ తాత్కాలికంగా. ఏటా అధికారి వచ్చి చూస్తారు, అవసరం ఉందనుకుంటే ఉంచుతారు, లేదనుకుంటే తీసేస్తారు. జగ్గారావు కూడా సరే చూద్దామన్నాడు.

అలా వచ్చింది అప్పలకొండమ్మ. సంతలో చింతపండు అమ్ముకునే మనిషి. అడ్డచుట్ట పీలుస్తూ బడికి వచ్చేసరికి సుభద్రమ్మ గుమ్మంలోనే ఆపి చుట్ట పారేయించింది. ఆ మనిషిలో గొప్ప విద్యలేమీ లేవు. కూర్చునేది, అంతే. బాలామణి పక్కన చాప మీద కాళ్ళు చాపుకుని, కొండలా కూర్చునేది. పిల్ల కేకలేస్తే కంగారు పడేది కాదు, పలక విసిరితే తెచ్చి ఇచ్చేది, జుట్టు వేలికి చుట్టుకుంటే "పదమ్మి, జాంసెట్టు కాడికెల్దాం" అనేది. మధ్యాహ్నం కునికిపాట్లు పడుతుందని సుభద్రమ్మ రోజూ తిట్టేది. ఏడాది తిరిగేసరికి బాలామణి తన పేరు రాసింది. వాచకంలో నాలుగు వాక్యాలు కూడబలుక్కుని చదివింది. అసిరయ్య ఆ పలకని చెరపనివ్వకుండా స్టేషనుకి పట్టుకెళ్ళి, గార్డులకీ డ్రైవర్లకీ చూపించాడు.

అప్పుడు ఇన్‌స్పెక్షను వచ్చింది. మేము చేసిన తెలివితక్కువ పని రైల్వే వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

రైల్వేలో పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే దారి పక్క రాళ్ళకి సున్నం వేస్తాం. ఇసక బకెట్లకి ఎర్రరంగు వేస్తాం. చెడిపోయిన సామానంతా షెడ్డు వెనక్కి తోసేస్తాం. లోటు కనబడకూడదు, అదీ మా నెత్తురులో ఉన్న చదువు. బడికి అధికారి వస్తున్నారనగానే కాలనీ మొత్తం అదే పని మొదలుపెట్టింది. జగ్గారావు స్వయంగా గోడలకి వెల్ల వేశాడు. రమణమూర్తి బాలామణికి కొత్త గౌను కుట్టించాడు. అప్పలకొండమ్మ నోరు చుట్టవాసనని, చీర చిరుగని, ఆవిణ్ణి గదిలోంచి పంపేసి కిటికీలోంచి పిల్లకి కనబడేలా మా షెడ్డు గడప మీద కూర్చోబెట్టాం. ఏ మనిషి కావాలని అర్జీలు పెట్టామో ఆ మనిషినే దాచేశాం. సుభద్రమ్మ కూడా మాలాంటిదే ఆ రోజు. తన పిల్ల చదువుతుంటే నలుగురూ చూడాలన్న ఆశ ఆవిడకి మాత్రం ఉండదా?

అధికారి పేరు ఢిల్లీశ్వరరావు. మర్యాదస్థుడు. బాలామణి లేచి, రింగు పట్టుకుని, నాలుగు వాక్యాలూ చదివింది. ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం కాలనీలో జిలేబీలు పంచుకున్నాం. కొన్నాళ్ళకి ఆర్డరు వచ్చింది. పిల్ల బాగుపడింది, చాలా సంతోషం, ఇక ఆయా అవసరం లేదు.

అప్పలకొండమ్మ మళ్ళీ సంతకి పోయింది. పోతూ పోతూ మమ్మల్ని నానా మాటలూ అంది, పడ్డాం. వారం తిరక్కుండా బాలామణి విసిరిన పలక జగ్గారావు కొడుకు నుదుటికి తగిలింది. మళ్ళీ తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. ఈసారి సుభద్రమ్మ ఎంత అరిచినా ఎవరూ చెవిన వేసుకోలేదు. పిల్లని ఇంట్లో ఉంచేశారు.

ఆదివారం నాడు వాళ్ళ ఇంటికి వెళ్ళొచ్చిన సుభద్రమ్మ, మా ఆవిడ దగ్గర కూర్చుని చెప్పింది. "మంచం కోడుకి కట్టేసేరు. పాత చీర పేలికతో. తల్లి కూలికెల్లాలి, తండ్రి డ్యూటీకెల్లాలి. ఒగ్గేస్తే పట్టాల మీదకి పోతాదని భయం. ఆళ్ళని ఏటనగలం?" అప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం లేని సుభద్రమ్మని చూసి మా ఆవిడకి భయమేసింది.

మళ్ళీ అర్జీలు పెట్టాం. మళ్ళీ చూడ్డానికి వస్తామని జవాబు వచ్చింది. రమణమూర్తి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి గొంతు తగ్గించి అన్నాడు. "టీచరుగారూ, పిల్ల బాగుంటే పోస్టు రాదు. పోస్టు రాకపోతే పిల్ల బాగుండదు. ఆలోచించండి. ఆ ఒక్క రోజూ రింగు ఇవ్వకండి. అంతే."

ఆవిడ ఆయన్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

ఆ రోజు పిల్లని తీసుకొచ్చారు. కొత్త గౌను లేదు, వెల్ల లేదు. ఢిల్లీశ్వరరావు గారు కుర్చీలో కూర్చున్నారు. చెప్పకుండా గంట మోగింది. బాలామణి ఉలిక్కిపడి సుభద్రమ్మ వైపు చెయ్యి చాపింది. సుభద్రమ్మ రింగుని వీపు వెనక పట్టుకుని నిలబడింది. అలా చూస్తూ చూస్తూ ఉండగానే పిల్ల ముఖం మారిపోయింది. తర్వాత జరిగింది వర్ణించడం నాకు ఇష్టం లేదు. ఆపబోయిన సుభద్రమ్మ ముంజేతిని పళ్ళతో పట్టి వదల్లేదు. అధికారి గోడకి అతుక్కుపోయాడు. ఆయా పోస్టు మళ్ళీ వచ్చింది, ఏడాదికి.

మా ఆవిడ ఆ చేతికి పసుపు వేసి గుడ్డ కడుతుంటే సుభద్రమ్మ గాయం వంక చూడనే లేదు. "సెయ్యి సాపింది, వదినా," అంది. "కొరకడానికి కాదు. రింగు కోసం సాపింది."

చాలా కాలం బాలామణి ఆవిడ చేతిలోంచి రింగు తీసుకోలేదు. అప్పలకొండమ్మ ఇస్తేనే పట్టుకునేది. సుభద్రమ్మ దగ్గరికి వస్తే చాప మీదే వెనక్కి జరిగేది. ఒక మధ్యాహ్నం సుభద్రమ్మ వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. ఈ గది రూలు తానే పెట్టి తానే తప్పింది కనక, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అమ్మీ, ఆ పెద్దాయన సూడ్డానికొస్తాడు. నువ్వు బాగున్నావంటే అప్పలకొండమ్మని పంపించేస్తాడు. నువ్వు ఏడిస్తే ఉంచుతాడు. అందుకే సెప్పకుండా గంట కొట్టనిచ్చేను. తప్పు నాదే. ఇంకెప్పుడూ అలా సెయ్యను."

బాలామణి చింతపిక్కలు పేర్చుకుంటోంది. తల ఎత్తలేదు. తలుపు దగ్గర నిలబడ్డ రమణమూర్తి నన్ను చూసి నవ్వాడు. గోడతో చెప్పుకున్నా ఒకటే, ఈ పిల్లతో చెప్పుకున్నా ఒకటే అని మేమంతా అనుకునే రోజులవి. అందుకే ఏ మాటైనా ఆ పిల్ల ముందే మాట్లాడేసుకునేవాళ్ళం.

మరుసటి ఏడు ఇన్‌స్పెక్షను కబురు వచ్చింది. కిందటేడులాగే కానిచ్చేద్దామన్నాడు రమణమూర్తి. కానివ్వనంది సుభద్రమ్మ. ఈసారి అప్పలకొండమ్మ ఊరుకోలేదు.

"అదేటమ్మా, నా కడుపు మీద కొడతావేటి? ఒక్క పూట ఏడిస్తే ఏటయిపోతాది?"

"నీకు ఒక్క పూటే. దానికి ఎన్నాళ్ళో నువ్వే సూసేవు కదే. నా సేతిలోంచి మంచినీల్లు కూడా తాగలేదు."

"మరి నన్ను తీసేస్తే? మల్లీ మంచం కోడే కదా దానికి?"

సుభద్రమ్మ అంది. "దాన్ని దాచొద్దు, నిన్నూ దాచొద్దు. పిల్ల ఎలాగుందో సూపిస్తాను, ఎవరి వల్ల అలాగుందో కూడా సూపిస్తాను. ఆయన సదువుకున్నోడు. అర్థం సేసుకోడా?"

"ఏమో తల్లీ," అంది అప్పలకొండమ్మ. ఇద్దరి మధ్యా కూర్చున్న బాలామణి పలక మీద ఇంజను బొమ్మ వేసుకుంటోంది.

ఇన్‌స్పెక్షను రోజున తల్లిదండ్రుల తరఫున నేనూ గదిలో ఉన్నాను. అప్పలకొండమ్మ ఉతికిన చీర కట్టుకుని పిల్ల పక్కనే కూర్చుంది. ఢిల్లీశ్వరరావు గారు గుమ్మంలో ఆగగానే సుభద్రమ్మ చెయ్యెత్తి ఆయన్ని అక్కడే నిలబెట్టింది. పై అధికారిని గుమ్మంలో నిలబెట్టడం చూసి రమణమూర్తికి చెమటలు పట్టాయి. "అమ్మీ, లైన్ క్లియర్. అయ్యగారు లోపలికొస్తారు. తర్వాత గంట కొడతారు. తర్వాత నువ్వు చదువుతావు." బాలామణి చాలా రోజుల తర్వాత ఆవిడ చేతిలోంచి రింగు తీసుకుంది. ఆయన లోపలికి వచ్చారు. గంట మోగింది. బాలామణి లేచి ఒక పేజీ మొత్తం చదివింది.

అప్పుడు సుభద్రమ్మ చెప్పింది. ఎప్పుడూ అరిచే మనిషి, ఆ రోజు నెమ్మదిగా, ఒక్కొక్క మాటా పేర్చి చెప్పింది. పిల్ల మారిపోలేదని, పక్కన మనిషి ఉంటే ఇలా ఉంటుందని, తీసేస్తే వారం తిరక్కుండా ఏమవుతుందో కిందటేడు చూశామని, కళ్ళజోడు పెట్టుకున్నవాడు బాగా చదువుతున్నాడని కళ్ళజోడు లాక్కోం కదా అని.

ఢిల్లీశ్వరరావు గారు శ్రద్ధగా విన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. అదే నన్ను ఇప్పటికీ బాధ పెడుతుంది.

"మీరు చెప్పింది నాకు అర్థమైందమ్మా," అన్నారు. "కాని నా చేతిలో ఉన్నది ఈ ఒక్క పోస్టు. ఇంకో స్టేషను బడిలో ఒక కుర్రవాడున్నాడు. వాడు ఒక్క అక్షరం రాయడు, నిలవడు, వాణ్ణి పట్టుకునే మనిషి లేదు. పేజీ చదివే పిల్ల దగ్గర ఆయాని ఉంచి, ఆ బడికి ఇవ్వలేనని నేను ఎలా రాయను? మీరైతే ఏం చేస్తారు?"

ఆయన అప్పలకొండమ్మ వైపు తిరిగి, "ఈ నెలాఖరు దాకా చెయ్యమ్మా," అన్నారు.

బాలామణి అప్పలకొండమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత రింగుని నేల మీద పెట్టింది. పలకని దాని పక్కన పెట్టింది. ఆ పిల్ల మనసు చెదిరితే పలకని విసరడమే తప్ప కింద పెట్టడం మేమెవరమూ చూడలేదు. పక్కనున్న చిన్నపిల్ల వాచకం ఇంకో పక్కకి జరిపింది. వేలికి జుట్టు చుట్టుకోలేదు. అప్పుడు నోరు తెరిచి కేక పెట్టింది.

కిందటేడు కన్నా పెద్ద కేక. నేల మీద పడి కాళ్ళు తన్నుకుంది. గోడ దగ్గరికి పాకి తల కొట్టుకుంది. అధికారి లేచి వెనక్కి వెళ్ళిపోయారు. పిల్లలు బెంచీలెక్కేశారు. అప్పలకొండమ్మ పరుగెత్తి పట్టుకుంది. రమణమూర్తి సుభద్రమ్మ వైపు చూశాడు, ఆపమన్నట్టు. సుభద్రమ్మ కదల్లేదు. ఆ గోడకేసి తల ఎంత గట్టిగా కొట్టుకుంటుందో ఆవిడకి తెలుసు. ఈసారి కొడుతున్నది మెల్లగా. ఆవిడ ముఖం చూశాకే నాకూ అర్థమైంది.

"సరే, సరే," అన్నారు ఢిల్లీశ్వరరావు గారు. "ఏమీ మెరుగు లేదన్నమాట. ఆయాని ఉంచుతున్నాను." టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

జీపు చప్పుడు దూరమయ్యాక బాలామణి ఏడుపు ఆపింది. గౌను అంచుతో ముఖం తుడుచుకుంది. ఎవరు చెప్పినా ఏమీ ఎక్కదని మేమంతా తేల్చేసిన పిల్ల, టీచరు నేల మీద కూర్చుని చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, అప్పలకొండమ్మ కోసం అంత పని చేసి, ఆయాసపడుతూ చాప మీద కూర్చుంది. భర్త పోయిన నాడు కూడా నలుగురిలో ఏడవని సుభద్రమ్మ, మా అందరి ముందూ ఏడ్చింది. ఆ పిల్ల మీద గర్వమో, మెరుగు లేదని అనిపించుకోవలసి వచ్చినందుకు సిగ్గో, పేరు కూడా తెలియని ఆ రెండో కుర్రవాడి కోసమో నేను అడగలేదు. మూడూ అయి ఉంటాయి.

బాలామణి లేచి వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది.

"అప్పలకొండమ్మ ఉంటాదా?"

"ఉంటాదమ్మి," అంది సుభద్రమ్మ.